బరంపురంలో ఏ పండక్కి వెళ్లాలి, ఎక్కడ దిగకూడదు

తలుపు దబదబా బాదుతున్న చప్పుడుకి మెలకువ వచ్చింది. టైమ్ చూస్తే ఉదయం 7.50. లాడ్జి కుర్రాడు నిలబడి, "ఎనిమిదికి చెకౌట్. ఖాళీ చేస్తారా, ఇంకో రోజుకి కడతారా?" అన్నాడు. మేం ఆ గదిలో దిగింది ముందురోజు రాత్రి 9.40కి. పట్టుమని పదకొండు గంటలు కాలేదు, దానికి మా దగ్గర తీసుకున్నది 2,800 రూపాయలు. ఒడిశాలోని ఈ బరంపురం గురించి చెప్పాల్సిన మంచి బోలెడుంది. కానీ ముందు ఇది చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

మూడు వారాల ముందే ఫోన్ చేశాం. స్టేషన్‌కి దగ్గరలో, మొదటి అంతస్తులో, నలుగురికి సరిపడే ఏసీ గది, రోజుకి 1,400 చొప్పున మూడు రాత్రులు అని మాట. అడ్వాన్స్ 1,000 ఫోన్‌లోనే పంపేశాం. తీరా వెళ్తే కౌంటర్లో వేరే మనిషి. "ఆ రేటు మామూలు రోజులది, ఇప్పుడు ఠాకురాణి యాత్ర, రేటు డబుల్" అన్నాడు. అది ఆ ఊరి అమ్మవారి జాతర. మొదటి అంతస్తు గది ఎవరికో ఇచ్చేశారట. మిగిలింది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. మా అత్తయ్యకి 68 ఏళ్లు, రెండు మోకాళ్లూ నొప్పే. మా ఆయన అడ్వాన్స్ వెనక్కి ఇమ్మంటే, "రిటర్న్ ఉండదు సార్" అని టీవీ వైపు తిరిగిపోయాడు. రాత్రి పదింటికి పెద్దావిడని, పదకొండేళ్ల పిల్లని వెంటబెట్టుకుని ఇంకో గది వెతుక్కోలేమని వాళ్లకి బాగా తెలుసు.

గదిలో దుప్పటి మీద ఎవరివో తలవెంట్రుకలు. మార్చమంటే అరగంటకి ఇంకోటి తెచ్చారు, అది తడిగా ఉంది. బాత్రూంలో బకెట్ ఉంది, మగ్గు లేదు. ఏసీ రిమోట్ కింద కౌంటర్లోనే ఉంచుకుంటారట. రాత్రి రెండింటికి ఏసీ ఆగిపోతే మా ఆయన మూడంతస్తులు దిగి వెళ్లారు, అక్కడ లేచి పలికేవాళ్లు లేరు. బిల్లు అడిగితే పేరూ ముద్రా లేని తెల్లకాగితం మీద అంకె రాసిచ్చారు. అత్తయ్య ఒక్కో మెట్టూ గోడ పట్టుకుని ఎక్కి, మంచం అంచున కూర్చుని, "నా మూలాన మీకింత తిప్పలు. పొద్దున్నే బండెక్కేద్దాం రా" అంది. డబ్బు పోయినదానికన్నా ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఎందుకంటే ఈ ప్రయాణమే ఆవిడ కోసం. అత్తయ్యది బరంపురమే. పాత ఊళ్లో పుట్టి పెరిగి, 1978లో పెళ్లై విశాఖ వచ్చేసింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అందుకే ఆ ఊళ్లో తెలుగు మాట్లాడే ఇళ్లు ఇప్పటికీ వీధులకు వీధులు ఉన్నాయి. రైల్లో నాలుగున్నర గంటలూ మా పిల్లకి ఆవిడ కబుర్లే. రాష్ట్రపతి వి.వి.గిరి గారు 1894లో తమ ఊళ్లోనే పుట్టారని కనీసం మూడుసార్లు చెప్పింది. అలాంటి మనిషి సొంత ఊళ్లో దిగిన రాత్రే వెనక్కి వెళ్లిపోదామంది.

వెళ్లలేదు. సామాను స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పడేసి, మా ఆయన సముద్రం ఒడ్డునున్న గోపాలపురం వైపు గది వెతకడానికి వెళ్లారు. మేం ముగ్గురం ఆటోలో పాత ఊరికి. ఆటో అతను 250 అడిగాడు, 120కి వచ్చాడు. తెలుగులో బేరమాడండి, చాలామందికి వచ్చు.

అత్తయ్య చెప్పిన ఇల్లు లేదు. అక్కడ మూడంతస్తుల బిల్డింగ్ లేచింది. పక్కింటి అరుగు మీద కూరగాయలు తరుగుతున్న ఆవిడ మమ్మల్ని కాసేపు చూసి, "ఏటమ్మా, ఎవరి కోసం?" అంది. అత్తయ్య వాళ్ల నాన్నగారి పేరు చెప్పింది. ఆవిడ కత్తిపీట పక్కకి తోసి లేచింది. "ఒలమ్మ! నూలు కొట్టు బాబుగారి అమ్మాయివా? ఎండలో నిల్చుండిపోయారేటి, లోనికి రండి." వాళ్లది నేతపని చేసే కుటుంబం. ఇక్కడి పాత మహురి సంస్థానం రాజు పిలుపు మీద రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డామని ఇక్కడి నేత కుటుంబాలు చెప్పుకుంటాయి. ఇన్ని తరాలైనా ఇంట్లో మాట తెలుగే, మధ్యమధ్యలో ఒడియా మాటలు దొర్లుతుంటాయి.

మధ్యాహ్నం ఆవిడ పెట్టిన భోజనం మా ప్రయాణంలోకెల్లా గొప్పది. పఖాళ, అంటే రాత్రి నీళ్లు పోసి ఉంచిన అన్నం, అందులో కాస్త పెరుగు, నిమ్మాకు. నంజుకోవడానికి వేయించిన వడియాలు వెల్లుల్లి, పచ్చిమిర్చితో చేత్తో నలిపిన బడిచూర, తోటకూర వేపుడు, కాల్చిన వంకాయ. ఏప్రిల్ ఎండలో ఆ చల్లటి అన్నం గొంతు దిగుతుంటే అత్తయ్య కళ్లు మూసుకుంది. ఇంట్లో చద్దన్నం వంక చూడని మా పిల్ల రెండోసారి పెట్టించుకుంది. డబ్బులిస్తామంటే ఆవిడ నొచ్చుకుంటుందని నేను అడగనే లేదు. సాయంత్రం పళ్లూ పూలూ కొని తెచ్చాను.

ఠాకురాణి యాత్ర గురించి నాకు తెలిసిందంతా ఆ అరుగు మీద విన్నదే. బుధి ఠాకురాణి ఊరి అమ్మవారు. రెండేళ్లకోసారి, ఎండాకాలం మొదట్లో, గుడి నుంచి బయల్దేరి దేశిబెహెరా వీధికి వస్తుంది. అది ఆవిడకి పుట్టిల్లు. దేశిబెహెరా అంటే నేతవారి కులపెద్ద, అమ్మవారికి తండ్రి వరస. యాత్ర సాగే మూడు, నాలుగు వారాలూ రోజూ రాత్రి ఆడవాళ్లు ఘటాలు నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతారు. చివరి రాత్రి అమ్మవారు తిరిగి గుడికి. వీధుల్లో రథాలు కడతారు, కానీ అవి కదిలేవి కావు. పురాణ ఘట్టాల బొమ్మలతో నిలిపి ఉంచేవి.

అన్నిటికన్నా వేషాలు చూడాలి. మొక్కుకున్నవాళ్లు శివుడిగా, కృష్ణుడిగా, పులిగా వేషం కట్టి ఊరేగుతారు. మేం నిలబడిన చోట ఏడెనిమిదేళ్ల పిల్లాడు పులివేషంలో ఉన్నాడు. ఒళ్లంతా పసుపు రంగు, నల్ల చారలు, నడుముకి తోక. డప్పు ఆగగానే వాళ్లమ్మ గబగబా వచ్చి, మూతి రంగు చెదరకుండా కొబ్బరిబొండం స్ట్రా వాడి పళ్ల మధ్య పెట్టింది. రెండు చేతులూ గాల్లో పంజాల్లా పట్టుకునే తాగాడు వాడు. మళ్లీ డప్పు మొదలవగానే ఎగిరి దూకాడు. రెండేళ్ల కిందట జ్వరంతో బిడ్డ దక్కుతాడో లేదో అనుకున్నప్పుడు మొక్కిన మొక్కట. ఆ తల్లి తెలుగులోనే చెప్పింది.

ఘటాలు మా అరుగు ముందుకి వచ్చేసరికి రాత్రి పది దాటింది. అప్పటికి మా ఆయన కూడా వచ్చేశారు, గోపాలపురంలో మంచి గది దొరికిన సంతోషంతో. పొద్దుటి ముఖం కాదు. ఇంటావిడ హారతి పళ్లెం అత్తయ్య చేతికిచ్చి, "నీ వీధి అమ్మవారే, నువ్వే పట్టు" అంది. మోకాళ్లు వంగని మనిషి రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని దండం పెట్టింది. లేపడానికి నేనూ మా ఆయనా చెరో వైపు పట్టుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత రెండేళ్లలో ఇంకో నాలుగుసార్లు వెళ్లాం. అందుకే ఏ నెలలో ఏం చూడాలో ఇప్పుడు కాస్త ధైర్యంగా చెప్పగలను.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలకు వేలు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అన్ని ఏళ్లూ ఒకేలా రావు, కాబట్టి అక్కడి వాళ్లని కనుక్కునే బయల్దేరండి. టార్చి, ఫ్లాష్ వెయ్యొద్దు. పిల్లలుంటే తప్పకుండా చూపించండి.

చైత్రంలో తారాతారిణి అమ్మవార్ల గుడి. బరంపురానికి 30 కిలోమీటర్ల చిల్లర, పురుషోత్తంపూర్ దగ్గర రుషికుల్య ఒడ్డున కొండ మీద. చైత్ర మంగళవారాల్లో మేళా జరుగుతుంది, పిల్లలకి పుట్టువెంట్రుకలు తీయిస్తారు. ఇక్కడ మేం పెద్ద పొరపాటు చేశాం. చైత్రం అంటే మన ఉగాది నుంచే కదా అనుకున్నాం. వాళ్ల లెక్క వేరు. మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మధ్యలో వచ్చే సంక్రాంతి వరకు పడే మంగళవారాలే వాళ్ల చైత్ర మంగళవారాలు. మొదటి వారం రద్దీ తక్కువని వెళ్లిన మేం సరిగ్గా మూడో మంగళవారం పడ్డాం, అన్నిటికన్నా జనం వచ్చేది ఆ రోజే. రానూపోనూ కారుకి 2,200. మెట్లు 999, రోప్‌వే దగ్గర లైను రెండు గంటలు. "స్పెషల్ దర్శనం చేయిస్తా" అని ఒకడు 500 తీసుకుని జనంలో కలిసిపోయాడు. అలాంటివాళ్ల చేతికి ఒక్క రూపాయి ఇవ్వకండి. మేళా రోజు కాకుండా వెళ్తే అదే కొండ ఎంత ప్రశాంతంగా ఉంటుందో, పైనుంచి నది వంపు ఎంత బాగుంటుందో. పెద్దవాళ్లుంటే అలాంటి రోజే ఎంచుకోండి.

ఆ దారిలోనే దండనాట వాళ్లు కనిపించారు. మొక్కు పట్టినవాళ్లు 13 రోజులు, కొన్నిచోట్ల 21 రోజులు, ఊరూరా తిరుగుతూ మండుటెండలో మట్టిలో పొర్లి, చెరువులో దిగి దండాలు పెడతారు. ఏప్రిల్ 14 ప్రాంతంలో వచ్చే మేష సంక్రాంతితో ముగుస్తుంది. చూడ్డానికి టికెట్టూ లేదు, లైనూ లేదు. కారు ఆపి గంటసేపు నిలబడ్డాం. ఇది గంజాంలో చూడాల్సిందే, వదులుకోకండి.

జూన్ మధ్యలో రజో పండగ మూడు రోజులు. ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు, ఇంటింటా పొడపిఠా అనే పిండివంట కాలుస్తారు. చుట్టాలో స్నేహితులో ఉంటేనే వెళ్లండి, లాడ్జిలో కూర్చుంటే ఏమీ తెలీదు. రథయాత్ర బరంపురంలోనూ జరుగుతుంది, బాగానే ఉంది. దసరాకి మాత్రం అక్కడికి వెళ్లమని చెప్పను. విజయదశమి తర్వాత మంగళవారం విజయనగరం సిరిమానోత్సవం చూసుకోండి, మనకి దగ్గర. చలికాలంలో రంభ దగ్గర చిలకా సరస్సులో పడవెక్కాం, పక్షుల్ని చూశాం, హాయిగా గడిచింది.

ఠాకురాణి యాత్ర తర్వాత నా ఓటు కార్తీక పౌర్ణమికి. తెల్లవారకముందే ఒడియా వాళ్లు అరటిదొప్పల్లో, కాగితం పడవల్లో దీపం, తమలపాకు, వక్క పెట్టి నీళ్లలో వదులుతారు. బొయిత బందాణ అంటారు. ఒకప్పుడు ఇక్కడి సాధబాలు, అంటే ఓడ వర్తకులు, సముద్రం మీద దూరదేశాలకి బయల్దేరిన రోజుకి గుర్తు. మన వాళ్లు కార్తీక దీపాలు వదులుతారు. గోపాలపురం ఒడ్డున రెండూ పక్కపక్కనే వెలుగుతాయి. పక్కనున్న ఒడియా అమ్మాయి మా పిల్ల చేతికి ఒక పడవ ఇచ్చింది, మేం వాళ్లకి రెండు వత్తులిచ్చాం.

కొనుక్కోవాల్సినవి రెండే. పట్టుచీర, అప్పడాలు ఊరగాయల సరుకు. బరంపురం పట్టుకి గుడి గోపురాల్లాంటి అంచు ఉంటుంది, ఫొడాకుంభ అంటారు. బజార్లో ఒక చీరకి 8,500 చెప్పారు. అరుగు ఇంటావిడ వెంట వచ్చి, అంచు వెనక్కి తిప్పి నేత చూపించి, నేను చూస్తున్నది మరమగ్గానిది అని చెవిలో చెప్పింది. చేతిమగ్గం చీర ఇంకో చోట 7,200కి తీసుకున్నాం. అప్పడాలు కిలో 280, ఉసిరి ఊరగాయ అరకిలో 130.

దిగడానికి మాత్రం గోపాలపురమే. ఊరికి 16 కిలోమీటర్లు, రాత్రిపూట ఆటోకి 450 నుంచి 500 అవుతుంది. మేం దిగిన చిన్న గెస్ట్‌హౌస్‌లో గది 1,500, ఉతికిన దుప్పట్లు, అడక్కుండా వేడినీళ్లు. అడ్వాన్స్ వద్దన్నారు. యాత్ర రోజుల్లోనూ అదే రేటు. ఊళ్లోనే ఉండాలనుకుంటే ఫోన్‌లో మాట తీసుకోవద్దు. ఆ తేదీలకి రేటెంత, చెకౌట్ ఎన్నింటికి, ఏ అంతస్తు, గది ఇవ్వకపోతే అడ్వాన్స్ వెనక్కిస్తారా, ఈ నాలుగూ వాట్సాప్‌లో రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోకపోతే అక్కడ దిగొద్దు.

నిన్న రాత్రి అత్తయ్య పంచాంగం పట్టుకొచ్చి ఈ ఏడు కార్తీక పౌర్ణమి ఏ రోజు పడిందో చూపించింది. గోపాలపురం గెస్ట్‌హౌస్‌కి మెసేజ్ పెట్టాను. పొద్దున్నే జవాబొచ్చింది: రెండు రాత్రులు, 1,600 చొప్పున, కింది గది, మధ్యాహ్నం 12కి చెకౌట్. అత్తయ్య అది రెండుసార్లు చదివించుకుని, అరుగు ఇంటావిడకి ఫోన్ కలపమంది.