డాబా మీద 3 కిలోవాట్ల సోలార్: ఏడాది వాడాక

గుంటూరులో మా డాబా మీద 540 వాట్ల ప్యానెళ్లు ఆరు పెట్టించి ఏడాదయింది. మొత్తం లక్షా తొంభై వేలయింది. పీఎం సూర్యఘర్ కింద 78,000 సబ్సిడీ వచ్చింది. కింద బట్టలు ఆరేసుకోవాలని స్టాండు ఏడడుగుల ఎత్తున కట్టించాం. అమ్మ ఒడియాల కోసం తూర్పు పక్క ఎండ వదిలేశాం.

బిల్లు కోసమే పెట్టించలేదు. చిన్నప్పుడు సెలవులకు వెళ్లే అమ్మమ్మగారి ఊరి పక్కనే థర్మల్ కేంద్రం ఉండేది. పొద్దున లేచేసరికి అరుగు మీద సన్నటి బూడిద. దాని మీద వేలితో పేర్లు రాసుకునేవాళ్లం. అమ్మమ్మ మంచినీళ్ల బిందె మీద తడిగుడ్డ తీసేది కాదు, సాయంత్రానికి ఆ గుడ్డ బూడిదరంగుకి తిరిగేది.

మన బొగ్గులో దాదాపు మూడో వంతు బూడిదే. యూనిట్ కరెంటుకి సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. మా ప్యానెళ్లు ఏడాదిలో 4,200 యూనిట్లు ఇచ్చాయి. అంటే ఇంచుమించు మూడు టన్నుల బొగ్గు, టన్ను బూడిద. ఈ లెక్క వేసిన రోజు నాకు అమ్మమ్మ అరుగే కళ్లముందు మెదిలింది.

సోలార్‌కీ మచ్చ లేకపోలేదు. సిలికాన్, గాజు, అల్యూమినియం తయారీకి బోలెడంత కరెంటు కావాలి. అదంతా కలుపుకొని, వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2014 నివేదికలో ఇచ్చిన లెక్క ప్రకారం, యూనిట్‌కి వెలువడే కార్బన్ డయాక్సైడ్ బొగ్గుకి 820 గ్రాములు, గ్యాస్‌కి 490, డాబా సోలార్‌కి 41, జలవిద్యుత్తుకి 24, నేల మీది గాలిమరకి 11. జలవిద్యుత్తుని మాత్రం ఈ గ్రాములతోనే తూచడానికి నాకు మనసొప్పదు. శ్రీశైలం నీళ్ల కింద ఊళ్లకు ఊళ్లే ఉన్నాయి.

ఇక వాడకం సంగతి. మార్చిలో రోజుకి 14 యూనిట్లు చూశాను, ముసురు పట్టిన రోజు నాలుగు కూడా దాటలేదు. మే ఎండకి ఇంకా పెరుగుతుందనుకున్నాను గానీ, ప్యానెల్ వేడెక్కితే ఉత్పత్తి తగ్గుతుంది. పదిరోజులకోసారి తెల్లవారుజామునే కడుగుతాను, కాలిన గాజు మీద చన్నీళ్లు పొయ్యకూడదు. తుడిచిన మర్నాడు యూనిట్ దాకా పెరుగుతుంది. మాది బ్యాటరీ లేని రకం కాబట్టి లైన్లో కరెంటు పోతే ఇదీ ఆగిపోతుంది. స్తంభమెక్కి పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా అలా పెట్టారు.

ఒక్క విషయంలో చాలా బాధపడ్డాను. రెండ్రోజుల్లో ప్యానెళ్లు బిగించిన కంపెనీ నెట్ మీటర్‌కి, అంటే మనం లైన్లోకి పంపే యూనిట్లని కూడా లెక్కగట్టే మీటరుకి, రెండు నెలలు తిప్పింది. అన్నాళ్లూ మిగులు యూనిట్లకి లెక్కే లేదు. నెట్ మీటర్ పెట్టాకే చివరి డబ్బు ఇస్తామని ముందే మాట్లాడుకోండి.

రాత్రి మళ్లీ లైన్ కరెంటే, అందులో ఎక్కువ బొగ్గుదే. అందుకే మోటారు, వాషింగ్ మెషీన్ పదకొండుకీ మూడుకీ మధ్యే వేస్తున్నాం. అమ్మ కూడా ఇడ్లీ పిండి రాత్రి కాకుండా మధ్యాహ్నమే రుబ్బేస్తోంది.