ప్రైవసీ కోసం ముందు మార్చవలసింది సెర్చ్ ఇంజినా, పెట్టుకోవలసింది యాడ్ బ్లాకరా?

గూగుల్‌ను వదిలి డక్‌డక్‌గోకు మారితే ఇక మనల్ని ఎవరూ గమనించరని చాలామంది నమ్ముతారు. ఆ మార్పు మంచిదే కానీ, అది మూసేది ఒక్క దారిని మాత్రమే. మనం ఏ మాటలు వెతికామో, ఏ ఫలితం మీద నొక్కామో సెర్చ్ ఇంజిన్‌కు తెలుస్తుంది. ఆ ఫలితం నుంచి ఒక వార్తల సైటులోకి వెళ్లాక మన వెంట పడేవి వేరు: ఆ పేజీతో పాటు నడిచే ప్రకటనల స్క్రిప్టులు (చిన్న ప్రోగ్రాములు), మన కదలికలను గమనించే ట్రాకర్లు. వాటిలో చాలావరకు ఆ సైటువారివి కావు, ప్రకటనల కంపెనీలవి. ఒకే కంపెనీ స్క్రిప్టు వేల సైట్లలో ఉంటుంది కాబట్టి, పొద్దున మిర్చి ధర చూసినవారు, మధ్యాహ్నం షుగరు మందుల గురించి చదివినవారు, రాత్రి పెళ్లి సంబంధాల సైటు తెరిచినవారు ఒక్కరేనని దానికి తెలిసిపోతుంది. అందువల్ల రెండింటిలో ఒక్కటే చేయగలిగితే, ముందుగా ఈ స్క్రిప్టులను, ట్రాకర్లను ఆపే యాడ్ బ్లాకర్ పెట్టుకోవాలన్నది నా నిశ్చితాభిప్రాయం.

అలాగని వెతికే మాటలు చిన్న విషయమేమీ కాదు. 2006 ఆగస్టులో అమెరికాకు చెందిన ఏఓఎల్ సంస్థ దాదాపు ఆరున్నర లక్షల మంది వెతికిన మాటలను, పేర్లు తీసేసి ఒక్కొక్కరికి ఒక అంకె మాత్రం ఉంచి, పరిశోధకుల కోసమని బయటపెట్టింది. కొద్ది రోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఆ మాటలను బట్టే ఒక వృద్ధురాలి ఇంటిదాకా వెళ్లగలిగారు. పేరు లేకపోయినా మన ఊరు, మన జబ్బు, మన బంధువుల ఇంటిపేర్లు కలిస్తే మనిషి ఎవరో తేలిపోతుంది.

యాడ్ బ్లాకర్లలో ఎక్కువగా పోలిక వచ్చేవి యూబ్లాక్ ఆరిజిన్, యాడ్‌బ్లాక్ ప్లస్. యాడ్‌బ్లాక్ ప్లస్ వెనుక ఉన్న జర్మన్ కంపెనీ 2011 నుంచి కొన్ని ప్రకటనలను ఆమోదయోగ్యమైనవిగా గుర్తించి వదిలిపెడుతోంది. ఆ జాబితాలో ఉన్న పెద్ద సంస్థల నుంచి రుసుము కూడా తీసుకుంటుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని ఆపుకోవచ్చు, కానీ మనం ఆపేవరకు అది అమల్లోనే ఉంటుంది. రేమండ్ హిల్ రూపొందించిన యూబ్లాక్ ఆరిజిన్‌లో అటువంటి ఒప్పందాలేవీ లేవు. ఆయన విరాళాలు సైతం తీసుకోరు, కోడ్ మొత్తం అందరికీ కనిపించేలా ఉంటుంది. నా దృష్టిలో ఇదే మేలు. అయితే పేరు చివర ‘ఆరిజిన్’ ఉందో లేదో చూసి మరీ తీసుకోవాలి, ఎందుకంటే ఉత్త ‘యూబ్లాక్’ అనే పేరుతో ఉన్నది వేరేవారి చేతిలో ఉన్న వేరే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాము).

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. ఎక్స్‌టెన్షన్లు పనిచేసే పాత విధానంలో బ్రౌజర్ బయటికి పంపే ప్రతి అభ్యర్థనను బ్లాకరే స్వయంగా చూసి, అక్కడికక్కడ ఆపగలిగేది. మానిఫెస్ట్ వీ3 అనే కొత్త విధానంలో ఏవేవి ఆపాలో ఒక నియమాల పట్టిక రాసి ముందుగానే బ్రౌజర్‌కు అప్పగించాలి. ఆపే పని బ్రౌజర్‌దే. 2025లో క్రోమ్ పాత విధానానికి పూర్తిగా స్వస్తి చెప్పడంతో యూబ్లాక్ ఆరిజిన్ అందులో పనిచేయడం మానేసింది. దాని స్థానంలో యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది. మామూలు ప్రకటనలను అది బాగానే ఆపుతుంది, బ్యాటరీ మీద భారమూ తక్కువే. కానీ ఎప్పటికప్పుడు పద్ధతి మార్చుకునే వీడియో సైట్ల దగ్గర, బ్లాకర్‌ను గుర్తుపట్టి అడ్డుకునే సైట్ల దగ్గర దానికి చేతులు కట్టేసినట్టే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ మాత్రం పాత సదుపాయాన్ని కొనసాగిస్తోంది కాబట్టి పూర్తిస్థాయి యూబ్లాక్ ఆరిజిన్ కావాలనుకునేవారికి బ్రౌజర్ మార్చుకోవడమే దారి.

మనలో ఎక్కువమంది ఇంటర్నెట్ చూసేది ఫోనులోనే కాబట్టి ఆ తేడా ఇంకా పెద్దది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు పెట్టుకునే వీలే లేదు. అదే ఫోనులో ఫైర్‌ఫాక్స్ వేసుకుంటే మెనూలోని ఎక్స్‌టెన్షన్ల విభాగం నుంచి యూబ్లాక్ ఆరిజిన్‌ను చేర్చుకోవచ్చు. దాని సెట్టింగ్స్‌లో ఫిల్టర్ల జాబితాలు ఉన్న పేజీ తెరిచి కిందికి వెళితే, ప్రాంతాలు, భాషల విభాగంలో ‘ఇండియన్‌లిస్ట్’ అనేది కనిపిస్తుంది. తెలుగుతో సహా మన భాషల సైట్లకు ప్రత్యేకంగా రాసిన నియమాలు అందులో ఉంటాయి. బ్రౌజర్ భాషను బట్టి ఇటువంటి జాబితా దానంతటదే ఎంపికవుతుంది కానీ, మనవాళ్లు చాలామంది బ్రౌజర్‌ను ఇంగ్లీషులోనే ఉంచుకుంటారు కాబట్టి అది ఖాళీ గడిగానే మిగిలిపోయే అవకాశం ఎక్కువ. దాని ముందు టిక్కు పెట్టుకోవడానికి అర నిమిషం చాలు.

ఇంత పని చేయలేని పెద్దవారికి బ్రేవ్ బ్రౌజర్ సులువు. బ్లాకర్ అందులోనే కలిసి ఉంటుంది కాబట్టి వీ3 మార్పు దాన్ని తాకలేదు. అయితే వినియోగదారులు టైపు చేసిన కొన్ని చిరునామాలకు ఆ కంపెనీ తన కమీషను లింకులు తగిలించిన సంగతి 2020లో బయటపడింది, విమర్శల తరువాత మానుకుంది. క్రిప్టో సంబంధిత హంగులు కూడా అందులో కనిపిస్తాయి, వాటిని ఆపుకోవడం మంచిది. ఐఫోను ఉన్నవారికి సఫారీలో పనిచేసే యూబ్లాక్ ఆరిజిన్ లైట్ 2025 నుంచి దొరుకుతోంది.

బ్రౌజర్ బయట, యాప్‌లలో వచ్చే ప్రకటనల మాటేమిటి? ఆండ్రాయిడ్ 9 నుంచి నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ అనే అంశం ఉంది (సైటు పేరును బట్టి దాని సర్వర్ చిరునామా వెతికి ఇచ్చే సేవే డీఎన్‌ఎస్). అక్కడ యాడ్‌గార్డ్ వంటి సంస్థ ఇచ్చే సర్వర్ పేరు రాస్తే, ప్రకటనల సర్వర్ల చిరునామాలు ఫోనుకు దొరకకుండా పోతాయి, ఆటల యాప్‌లలోనూ చాలావరకు ప్రకటనలు తగ్గిపోతాయి. కానీ యూట్యూబ్ ప్రకటనలు వీడియోలు వచ్చే సర్వర్ల నుంచే వస్తాయి కాబట్టి ఈ పద్ధతి వాటిని ఆపలేదు. పైగా మనం తెరిచే ప్రతి సైటు పేరూ ఆ డీఎన్‌ఎస్ సంస్థకు తెలుస్తుంది, అంటే నమ్మకాన్ని ఒకరి దగ్గర నుంచి మరొకరికి మార్చడమే. ఏదైనా యాప్ మొరాయిస్తే అదే చోట ఆటోమేటిక్‌కు మార్చి చూడవచ్చు. బ్రౌజర్‌లోని బ్లాకర్‌కు ఇది తోడు మాత్రమే, బదులు కాదు.

సెర్చ్ ఇంజిన్ల విషయానికి వస్తే, 2008లో మొదలైన డక్‌డక్‌గో మన గురించి వివరాలు పోగేయదు. వెతికిన మాటను బట్టే ప్రకటన చూపిస్తుంది. ఫలితాలు చాలావరకు మైక్రోసాఫ్ట్ బింగ్ నుంచి వస్తాయి. ఆ ఆధారపడటం ఎంతటిదో 2024 మే 23న తెలిసింది: బింగ్ ఆగిపోయినప్పుడు డక్‌డక్‌గో కూడా ఆగిపోయింది. అంతకుముందు 2022లో, ఆ కంపెనీ బ్రౌజర్ మైక్రోసాఫ్ట్ ట్రాకర్లలో కొన్నిటిని ఒప్పందం కారణంగా ఆపడం లేదని ఒక పరిశోధకుడు బయటపెట్టగా, కొన్ని నెలల్లో దాన్ని సరిదిద్దారు. ఆ లోపం వారి బ్రౌజర్‌కు సంబంధించినది, సెర్చ్‌కు కాదు.

నెదర్లాండ్స్‌కు చెందిన స్టార్ట్‌పేజ్ మన ప్రశ్నను తన పేరు మీద గూగుల్ వంటి సెర్చ్ ఇంజిన్లకు పంపి ఫలితాలు తెచ్చి ఇస్తుంది. 2019లో అమెరికా ప్రకటనల కంపెనీ సిస్టమ్1తో సంబంధమున్న పెట్టుబడి అందులోకి వచ్చింది, అది నచ్చక దూరమైనవారూ ఉన్నారు. బ్రేవ్ సెర్చ్ 2021లో వెబ్ పేజీల సొంత సూచికతో వచ్చింది. ఇంకొకరి మీద ఆధారపడకపోవడం దాని బలం. అయితే తెలుగు పాఠకుడికి ముఖ్యమైన ప్రశ్న వేరొకటి ఉంది. వరిలో సుడిదోమ నివారణ గురించి తెలుగు లిపిలో వెతికినప్పుడు, అదే మాటను ఇంగ్లీషు అక్షరాలలో కొట్టినప్పుడు ఎవరు సరైన పేజీ చూపిస్తారన్నది. నా వాడుకలో ఈ రెండో రకం వెతుకులాటలో గూగుల్ ఫలితాలదే పైచేయి. అందుచేత తెలుగులో ఎక్కువగా వెతికేవారికి స్టార్ట్‌పేజ్, ఇంగ్లీషులో ఎక్కువగా వెతికేవారికి డక్‌డక్‌గో లేదా బ్రేవ్ సెర్చ్ అని నేను చెబుతాను. నెలకు డబ్బు కట్టి వాడే కాగీ బాగుంటుంది కానీ, అపరిమితంగా వాడుకోవడానికి 10 డాలర్లు పెట్టడం మన ఇళ్లలో చాలామందికి కుదరదు.

ఇందులో భద్రత కూడా కలిసి ఉంది. సెర్చ్ ఫలితాల పైన ప్రకటనల రూపంలో వచ్చే నకిలీ సైట్ల గురించి హెచ్చరిస్తూ, 2022 డిసెంబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ యాడ్ బ్లాకర్ వాడమని ప్రజలకు సూచించింది. మన దగ్గర బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు కోసం వెతికి దొంగల చేతికి చిక్కినవారికి 1930 హెల్ప్‌లైన్ ఉంది. అటువంటి నకిలీ ప్రకటన కంట పడకుండా చేసే బ్లాకర్ అంతకుముందే పనికొస్తుంది.

ప్రకటనల ఆదాయం మీదే బతికే చిన్న తెలుగు సైట్లకు దీనివల్ల నష్టం ఉందన్న మాట నిజం. ఏ సైటును ఆదరించాలనుకుంటామో దాన్ని తెరిచి, యూబ్లాక్ ఆరిజిన్ గుర్తు మీద నొక్కితే వచ్చే పెద్ద పవర్ బొత్తాన్ని నొక్కి, పేజీని మళ్లీ లోడ్ చేయాలి. ఆ ఒక్క సైటుకే బ్లాకర్ ఆగిపోతుంది, మిగతా చోట్ల యథాప్రకారం పనిచేస్తుంది.