జాగ్రత్త: ఎంఆర్‌ఐ కవరు చూసి 30 సిట్టింగుల ప్యాకేజీ రాసిచ్చే సయాటికా సెంటర్లు

నడుంలో మొదలై పిర్ర మీదుగా పిక్క దాకా కరెంటు కొట్టినట్టు లాగే నొప్పి, అంటే సయాటికా, ఉన్న మనిషి ఎంత అడిగినా కట్టేస్తాడు. ఆ స్థితిలోనే 20, 30 సిట్టింగుల డబ్బు ముందే కట్టించుకునే ఫిజియోథెరపీ సెంటర్లు ఇప్పుడు ఊరూరా ఉన్నాయి. వీటిలో మోసపోయినవాళ్ళకి జరిగేది దాదాపు ఒకటే. ఫిల్ము తీసి చూసి "ఎల్4-ఎల్5 బల్జ్, నరం నొక్కుకుంది, ఇప్పుడు ఆలస్యం చేస్తే ఆపరేషనే" అంటారు. రోజూ బోర్లా పడుకోబెట్టి నాలుగు ప్యాడ్లు అంటించి ఐఎఫ్‌టీ (చర్మం మీద నుంచి సన్నగా కరెంటు పంపే యంత్రం) పావుగంట, జెల్ రాసి అల్ట్రాసౌండ్ (ధ్వని తరంగాలతో చేసే చికిత్స) కాసేపు, ఆపైన ట్రాక్షన్, అంటే నడుం లాగడం. పదో సిట్టింగుకీ నొప్పి తగ్గలేదంటే "కోర్సు పూర్తవ్వాలి కదండీ" అంటారు. డబ్బు వెనక్కి అడిగితే రసీదు అడుగున ఉన్న "రిఫండ్ లేదు" ముద్ర చూపిస్తారు.

ముందుగా ఆ బల్జ్ మాటకి బెదిరిపోకండి. ఎల్4, ఎల్5 అంటే నడుం కింది పూసల నంబర్లు, బల్జ్ అంటే వాటి మధ్య ఉండే డిస్కు కాస్త ఉబ్బడం. 2015లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనా సమీక్ష ప్రకారం, ఏ నొప్పీ లేనివాళ్ళలోనే 20 ఏళ్ళ వయసులో 30 శాతం మందికి, 50 ఏళ్ళ వయసులో 60 శాతం మందికి స్కానింగులో బల్జ్ కనిపించింది. ఫిల్ములో ఉన్నదానికీ కాలులో ఉన్న నొప్పికీ పొంతన కుదిరిందా లేదా అన్నది ఒంటి మీద చేయి వేసి పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

ఆ పరీక్షకి పావుగంట చాలు. థెరపిస్టు మీ చెప్పులు విప్పించి మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ళ మీద నాలుగడుగులు నడిపించాలి. బొటనవేలిని పైకి ఎత్తి పట్టుకోమని, తను కిందికి నొక్కి చూడాలి. అది నిలవకపోతే నడుం నుంచి కాలికి వచ్చే ఎల్5 నరం మీద అనుమానం. మడమ వెనక సుత్తితో తట్టినప్పుడు పాదం కదలకపోయినా, ఒంటికాలి మీద మడమ లేపలేకపోయినా దాని కింది ఎస్1 నరం మీద అనుమానం. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు మెల్లగా ఎత్తాలి. 30 నుంచి 70 డిగ్రీల లోపు నొప్పి మోకాలు దాటి కిందికి జివ్వుమంటే నరం ఒత్తిడిలో ఉందన్నమాట. ఇవేవీ చేయకుండా రేటు కార్డు ముందు పెట్టారంటే లేచి వచ్చేయండి.

మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు మొద్దుబారడం, రెండు కాళ్ళూ ఒకేసారి బలహీనపడటం, ఇలాంటివి కనిపిస్తే సిట్టింగు మాటే ఎత్తొద్దు. ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి. పాదం పైకి లేవక ఉన్నట్టుండి కిందికి వేలాడుతున్నా అదే రోజు స్పైన్ డాక్టరుకి చూపించాలి.

ఇక యంత్రాల సంగతి. ఇంగ్లండ్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2016 మార్గదర్శకాల్లో నడుం నొప్పికి, సయాటికా ఉన్నా సరే, ట్రాక్షన్, అల్ట్రాసౌండ్, టెన్స్ (ఇదీ కరెంటు ప్యాడ్ల యంత్రమే), ఐఎఫ్‌టీ, నడుం బెల్టు ఇవ్వొద్దని విడివిడిగా రాసింది. ఐఎఫ్‌టీ పెట్టిన కాసేపు హాయిగా ఉండొచ్చు, కానీ డిస్కుని అది ఏమీ చేయదు. "డీకంప్రెషన్" అని ఎక్కువ రేటు చెప్పేది కూడా ఛాతీకి ఒక బెల్టు, కటికి ఒక బెల్టు కట్టి మోటారుతో లాగే ట్రాక్షనే. అదనంగా ఒక స్క్రీను ఉంటుంది. లాగుతున్నంతసేపూ తేలిగ్గా ఉండి, బెల్టు వదలగానే నొప్పి రెట్టింపై బల్ల దిగలేకపోయేవాళ్ళున్నారు. ఎముకలు గుల్లబారినవాళ్ళకి, గర్భిణులకి అసలు లాగకూడదు. రాడ్లు, స్క్రూలు వేయించుకున్నవాళ్ళకి ఆ చోట ఒంటి లోపలికి వేడి పంపే డయాథెర్మీ పెట్టకూడదు. షుగరుతో చర్మం మొద్దుబారినవాళ్ళకి హాట్ ప్యాక్ కాలుతున్నా తెలియదు, బొబ్బ లేచాకే చూసుకుంటారు.

పనికొచ్చేది వ్యాయామం. అదీ అందరికీ ఒకే జిరాక్స్ కాగితం ఇస్తే చేటే. డిస్కు నొప్పి ఉన్న చాలామందికి బోర్లా పడుకుని మోచేతుల మీద లేవడం, ఓర్చుకోగలిగితే అరచేతుల మీద నడుం వదులుగా ఉంచి పదిసార్లు లేవడం ఉపశమనం ఇస్తుంది. అదే వ్యాయామం, నాలుగడుగులు వేస్తే కాళ్ళు లాగి, కూర్చుని ముందుకు వంగితే తగ్గే పెద్దవాళ్ళకి బాధ పెంచుతుంది. వాళ్ళది నరాల దారి ఇరుకైన జబ్బు. కాలికి తువ్వాలు తగిలించి బలంగా లాగే స్ట్రెచ్ మాత్రం నొప్పి రగులుతున్న రోజుల్లో ఎవరికీ వద్దు. సాగేది కండరం ఒక్కటే కాదు, ఉబ్బిన నరం కూడా.

సరైన దారిలో ఉన్నారో లేదో మీరే చూసుకోవచ్చు. నొప్పి పాదం నుంచి పిక్కకి, పిక్క నుంచి పిర్రకి వెనక్కి వస్తుంటే, నడుంలో కాస్త పెరిగినా అది మంచి లక్షణం. నడుం తేలికై నొప్పి కాలి వేళ్ళ వైపు దిగుతుంటే ఆ వ్యాయామం ఆపేసి థెరపిస్టుకి చెప్పండి. చాలా సయాటికాలు ఆరు నుంచి పన్నెండు వారాల్లో వాటంతటవే నెమ్మదిస్తాయి. ప్యాకేజీ కూడా ఆ వారాల్లోనే సాగుతుందని గమనించండి, తగ్గిన పేరు యంత్రానికి పోతుంది.

డబ్బు సిట్టింగుకి సిట్టింగు కట్టండి. మూడు నాలుగు సార్లు వెళ్ళినా ఇంట్లో చేసుకోవడానికి ఏదీ నేర్పకపోతే మారిపోండి. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివినవారే చేయి వేస్తున్నారా, లేక స్విచ్చి నొక్కే కుర్రాడేనా అని అడగడానికి మొహమాటపడొద్దు. ఇప్పటికే మొత్తం కట్టేసి ఇరుక్కున్నవాళ్ళు బిల్లు, వాడిన సిట్టింగుల తేదీలు, వాట్సాప్ మాటలు భద్రపరిచి, మిగిలిన సిట్టింగుల డబ్బు ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. బిల్లు ఇవ్వకపోవడమే 2019 వినియోగదారుల చట్టం కింద తప్పు. స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే ఫిర్యాదు చెప్పొచ్చు.