రూల్ 5 నవంబరు: క్లీవ్‌లాండ్ అభిమానిగా చాలా ఏళ్లు వాడాక రాస్తున్న రివ్యూ

వరల్డ్ సిరీస్ అయిపోయిందంటే మళ్లీ వసంతం దాకా బేస్‌బాల్ ఉండదు. క్లీవ్‌లాండ్‌లో ఆ నెలలన్నీ కారు మీద మంచు గీక్కోవడంతోనే సరిపోతాయి. వాటిలో నవంబరు ఒక్కటే నాకు కాస్త సందడిగా గడుస్తుంది. కారణం రూల్ 5, అంటే జట్టు కాపాడుకోని కుర్రాళ్లను వేరే జట్లు ఎత్తుకుపోనిచ్చే బేస్‌బాల్ నిబంధన. మన క్లీవ్‌లాండ్ జట్టు గార్డియన్స్ ఏ కుర్రాళ్లను కాపాడుకోవాలి, ఎవర్ని వదిలేయాలి అని ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర మొదలయ్యే వాదన గడువు రోజు సాయంత్రం దాకా తెగదు. ఇన్నేళ్లుగా వాడుతున్నాను కదా, ఫోన్లకీ మిక్సీలకీ రాసినట్టే దీనికీ ఒక రివ్యూ రాద్దామనిపించింది.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. ప్రతి మేజర్ లీగ్ జట్టుకీ 40 మంది జాబితా ఒకటి ఉంటుంది. మైనర్ లీగుల్లో ఇంకో వంద మందికి పైగా ఆడుతుంటారు. 18 ఏళ్లకో అంతకుముందో సంతకం పెట్టినవాడికి అయిదు సీజన్లు, 19 నిండాక పెట్టినవాడికి నాలుగు సీజన్లు గడువు. ఆలోగా, అంటే ఆ నవంబరు గడువుకి, 40లోకి ఎక్కించకపోతే డిసెంబరులో జరిగే రూల్ 5 డ్రాఫ్ట్‌లో వేరే జట్టు లక్ష డాలర్లు కట్టి ఎత్తుకుపోవచ్చు. కాకపోతే ఎత్తుకుపోయినవాళ్లు ఆ కుర్రాణ్ణి సీజనంతా 26 మంది అసలు జట్టులోనే ఉంచుకోవాలి. ఉంచలేకపోతే వేవర్స్‌లో, అంటే మిగతా జట్లు కావాలంటే తీసుకునేలా, పెట్టాలి. అక్కడా ఎవరూ తీసుకోకపోతే 50 వేల డాలర్లకు పాత జట్టుకు వాపసు ఇస్తామని అడగాలి.

ఊళ్లో ఉన్న మా తమ్ముడికి ఐపీఎల్ రిటెన్షన్ లాంటిదిరా అని చెబితే చటుక్కున అర్థమైంది. 2025 మెగా వేలానికి ముందు సన్‌రైజర్స్ మన వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని 6 కోట్లకు అట్టిపెట్టుకున్నప్పుడు మా తమ్ముడివాళ్లూ ఇలాగే కొట్టుకున్నారట. కానీ అక్కడ లెక్కంతా కోట్లలో ఉంటుంది, ఇక్కడ కుర్చీల్లో. ఒక ప్రాస్పెక్ట్‌ను, అంటే ఆశలు పెట్టుకున్న కుర్రాణ్ణి, 40లోకి ఎక్కించడానికి జట్టుకయ్యే ఖర్చు పెద్దదేం కాదు. అతనికి చోటివ్వడానికి ఎవర్ని లేపాలన్నదే తలనొప్పి.

చాలామంది అభిమానులు తడబడేది ఇక్కడే. పెద్ద పేరున్న ప్రాస్పెక్ట్‌ను కాపాడాలా వద్దా అని గంటలకొద్దీ వాదిస్తారు. అతణ్ణి ఎలాగూ కాపాడతారు, అందులో వాదించడానికి ఏముంది? నేను పేపరు మీద జాబితాను కింది నుంచి కొట్టుకుంటూ వస్తాను. 38, 39, 40 స్థానాల్లో ఎవరున్నారు? 31 ఏళ్ల రిలీవరా (ఆట మధ్యలో వచ్చే పిచ్చర్), మూడో క్యాచరా, ఆప్షన్లు (వేవర్స్ లేకుండా మైనర్స్‌కు పంపే వీలు) అయిపోయిన అవుట్‌ఫీల్డరా? వాళ్లలో ఒకర్ని తీసేస్తే వేవర్స్ దాటాలి. ఈలోగా ఇంకో జట్టు ఊరికే పట్టుకుపోవచ్చు. పైగా కుర్రాణ్ణి తొందరపడి ఎక్కిస్తే అతని ఆప్షన్ల గడియారం మొదలవుతుంది. మామూలుగా మూడు ఆప్షన్ సంవత్సరాలే ఉంటాయి. డబుల్-ఎ (మేజర్స్‌కు రెండు మెట్లు కింద) లోనే వాటిని ఖర్చు చేసేస్తే, తీరా పైకి వచ్చి నిలదొక్కుకునే వేళకు కిందికి పంపే వీలుండదు.

ఈ కాలక్షేపంలో నాకు బాగా నచ్చేది, కళ్లతో చూసి వాదించొచ్చు. ఆక్రన్ ఇక్కడికి గంటలోపే. అక్కడ మన డబుల్-ఎ జట్టు రబ్బర్‌డక్స్ ఆటకు టికెట్ చవక. ప్లేట్ వెనక కూర్చుంటే పక్క వరసలో రాడార్ గన్ పట్టుకున్న స్కౌట్లు, ఆరోజు ఆడని పిచ్చర్లు చార్టులు రాసుకుంటూ కనిపిస్తారు. ఒకసారి ఓ కుడిచేతి రిలీవర్ 98 మైళ్లు వేస్తుంటే మావాళ్లు ఇతణ్ణి కాపాడాల్సిందే అని లేచి నిలబడ్డారు. తర్వాత ఎడమచేతి బ్యాటర్లు ఇద్దరు వరసగా వచ్చారు. అతని స్లైడర్ ప్రతిసారీ ప్లేటుకు జానెడు ముందే నేల తాకింది, వాళ్లు బ్యాటు కూడా కదపలేదు. ఇద్దరికీ వాక్, అంటే కొట్టకుండానే మొదటి బేస్. మన స్కౌట్లు ఏమనుకుంటారన్నది అప్పుడు అసలు ప్రశ్న కాదు. వేరే జట్టు ఇతణ్ణి వచ్చే ఏప్రిల్‌లో మేజర్ లీగ్ బుల్‌పెన్‌లో (రిలీవర్ల బృందంలో) దాచుకోగలదా, అదే ప్రశ్న. కిందిస్థాయిలో ఆడే పంతొమ్మిదేళ్ల షార్ట్‌స్టాప్ కంటే ఇలాంటి రిలీవర్‌నే ఎత్తుకుపోయే అవకాశం ఎక్కువ. ఓడిపోతున్న ఆటల్లో అతని చేత ఓ ఇన్నింగ్స్ వేయించి సీజను నెట్టుకొచ్చేయొచ్చు.

దెబ్బలు మనకు బాగానే తగిలాయి. 2012లో మోచేతి ఆపరేషన్ నుంచి కోలుకుంటున్న హెక్టర్ రోండన్‌ను వదిలేస్తే కబ్స్ తీసుకున్నారు. 2015లో 30 సేవ్‌లు చేశాడు, అంటే అన్నిసార్లు ఆఖర్లో వచ్చి గెలుపు నిలబెట్టాడు. 2016 వరల్డ్ సిరీస్‌లో మనల్ని ఓడించిన కబ్స్ బుల్‌పెన్‌లో అతనూ ఉన్నాడు. ఆ గాయం ఆరకముందే, 2016 డిసెంబరులోనే ఓరియోల్స్ ఆంథొనీ శాంటాండర్‌ను పట్టుకుపోయారు. హై-ఎ (డబుల్-ఎ కింది మెట్టు) స్థాయి దాటని అవుట్‌ఫీల్డర్‌ను ఎవరు ఏడాదంతా మోస్తారులే అని అప్పట్లో అనుకోవడం సహజమే. వాళ్లు మోశారు. 2017లో ఎక్కువకాలం గాయాల జాబితాలోనే గడిచింది. కనీసం 90 రోజులు అసలు జట్టులో ఉండాలన్న షరతును 2018లో పూర్తి చేశారు. 2024లో అతను 44 హోమ్ రన్లు కొట్టాడు.

మనం తీసుకున్నవాళ్లూ లేకపోలేదు. 2020లో యాంకీస్ నుంచి వచ్చిన ట్రెవర్ స్టెఫాన్ నిలబడ్డాడు. 2023లో డైమండ్‌బ్యాక్స్ నుంచి తెచ్చిన డేవిసన్ డి లాస్ శాంటోస్‌ను సీజన్ మొదలయ్యేలోపే తిప్పి పంపాం. 2024లో మైనర్స్‌లో 40 హోమ్ రన్లు బాదాడు.

ఇన్నేళ్లలో నా ఆలోచనను మార్చింది మాత్రం 2021. ఆ నవంబరులో గార్డియన్స్ ఏకంగా 11 మందిని 40లోకి ఎక్కించారు. స్టీవెన్ క్వాన్, బ్రయాన్ రోకియో, జోన్‌కెన్సీ నోయెల్ అందరూ ఆ గుంపులోవాళ్లే. పదకొండో మనిషి టోబియస్ మైయర్స్ అనే పిచ్చర్. టాంపా బే రేస్ జట్టుకి అతణ్ణి కాపాడుకునే చోటు లేక, గడువు రోజున మనకిచ్చి బదులుగా డొమినికన్ సమ్మర్ లీగ్‌లో ఆడుతున్న 18 ఏళ్ల కుర్రాణ్ణి తీసుకున్నారు. ఆ కుర్రాడికి 40లో చోటు ఇంకా కొన్నేళ్లదాకా అక్కర్లేదు. పేరు జూనియర్ కమినేరో. 2025లో 45 హోమ్ రన్లు. మైయర్స్ మన దగ్గర ఏడాది కూడా నిలవలేదు, తర్వాత బ్రూవర్స్‌లో కుదురుకున్నాడు. ఇంకా విడ్డూరం, డిసెంబరు 2న లాకౌట్ వచ్చి ఆ ఏడాది రూల్ 5లో మేజర్ లీగ్ దశ జరగనే లేదు. ఎవర్ని ఎవరూ ఎత్తుకుపోలేదు, మనం మాత్రం పోగొట్టుకున్నాం.

అందుకే ఇప్పుడు నేను డ్రాఫ్ట్ కంటే గడువుకు ముందు వారం జరిగే చిన్న ట్రేడ్‌లనే ఎక్కువ గమనిస్తాను. 40లో చోటు ఇరుకైన జట్టు ఏదో ఒకటి చవకగా అమ్ముకోక తప్పదు. మన జట్టులో మైనర్స్ ఎప్పుడూ నిండుగా ఉంటాయి కాబట్టి ఆ ఇరుకు మనకే ఎక్కువ.

విసుగు పుట్టించేవి కూడా కొన్ని ఉన్నాయి. జట్ల దగ్గరుండే మెడికల్ రిపోర్టులు మనకు కనిపించవు, అయినా భుజం బాగైందా లేదా అని అందరూ డాక్టర్లైపోతారు. డ్రాఫ్ట్‌లో తీసుకున్నవాళ్లలో చాలామంది వెనక్కి వచ్చేస్తారు, కాబట్టి నెలంతా పడ్డ టెన్షన్ సగం వృథా. ఇక ప్రతి వాదనలోనూ ఎవరో ఒకరు 1954లో డాడ్జర్స్ దగ్గర్నుంచి పైరేట్స్ తీసుకున్న రాబర్టో క్లెమెంటే పేరు తెస్తారు. అప్పటి నిబంధనలు వేరు, దయచేసి ఆయన్ను వదిలేయండి. ఉదాహరణే కావాలంటే 2024లో బ్రూవర్స్ వదిలేసిన షేన్ స్మిత్ ఉన్నాడు. వైట్ సాక్స్ మొదటి పిక్‌గా తీసుకుంటే మరుసటి ఏడాదే ఆల్-స్టార్ అయ్యాడు.

నా రేటింగ్ అయిదుకు నాలుగు. ఆట చూడటమే ఇష్టం, జాబితాలంటే చిరాకు అనేవాళ్లకు ఇది పనికిరాదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నవంబరు దాకా ఆగకుండా ఏప్రిల్‌లోనే ఒకటి రెండు డబుల్-ఎ ఆటలకు వెళ్లండి. రాత్రి ఆటలైతే మందపాటి జాకెట్ వేసుకెళ్లండి, ఆక్రన్‌లో ఏప్రిల్ అంటే ఇంకా చలికాలమే.