పుష్-పుల్‌లో వేగం, గెయిన్: ఏ మార్పు మేలు?

ఒక ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్‌ని పైకి, మరొకటి కిందికి లాగే పుష్-పుల్ సర్క్యూట్ వేడెక్కుతుంటే, సిగ్నల్ అంచులు సాగిపోతుంటే చాలామంది ఇంకా వేగమైన ట్రాన్సిస్టర్ కోసం వెతుకుతారు. అంతకంటే ముందు అది ఎలా ఆఫ్ అవుతోందో చూడాలి. 2ఎన్3904 అనే చిన్న ట్రాన్సిస్టర్ డేటాషీట్‌లో 10 మిల్లీఆంప్స్ దగ్గర ఆన్ కావడానికి పట్టే డిలే, రైజ్ టైమ్ కలిపి గరిష్ఠంగా 70 నానోసెకన్లు. ఆఫ్ అయ్యేటప్పుడు పట్టే స్టోరేజ్ టైమ్ ఒక్కటే 200. సాచురేషన్‌లో, అంటే పూర్తిగా ఆన్ అయ్యాక కూడా అదనపు బేస్ కరెంట్ వస్తున్న స్థితిలో, బేస్‌లో పేరుకున్న ఛార్జ్ ఖాళీ అయ్యేదాకా ట్రాన్సిస్టర్ ఆన్‌లోనే ఉండిపోతుంది. ఈలోగా జంటలో రెండోది ఆన్ అయితే సప్లై నుంచి గ్రౌండ్‌కి నేరుగా దారి పడుతుంది. వేడికి అసలు కారణం చాలాసార్లు ఇదే.

బేస్ రెసిస్టర్‌కి సమాంతరంగా చిన్న కెపాసిటర్ పెడితే ఆ ఛార్జ్‌ని చప్పున లాగేస్తుంది. తేలికైన పని. కానీ లోడ్ మారితే లాగాల్సిన ఛార్జ్ కూడా మారుతుంది. పైగా 12 వోల్టుల డ్రైవ్‌తో వాడితే బేస్ బాగా నెగటివ్‌లోకి పోతుంది. చిన్న ట్రాన్సిస్టర్లలో బేస్-ఎమిటర్ రివర్స్ హద్దు 5, 6 వోల్టులే. ఇది మరిచిపోవద్దు.

బేస్, కలెక్టర్ల మధ్య తక్కువ వోల్టేజ్‌కే ఆన్ అయ్యే షాట్కీ డయోడ్ పెడితే అసలు లోతైన సాచురేషన్‌కే పోనివ్వదు. అదనపు బేస్ కరెంట్ డయోడ్ గుండా కలెక్టర్‌కి మళ్లిపోతుంది. మామూలు టీటీఎల్ (ట్రాన్సిస్టర్ లాజిక్) గేటు 10 నానోసెకన్లు తీసుకునే చోట దాని షాట్కీ రకమైన 74ఎస్ గేటు సుమారు 3లో ముగించింది ఈ కిటుకుతోనే. ఆన్‌లో వోల్టేజ్ డ్రాప్ కాస్త పెరుగుతుంది కాబట్టి పెద్ద కరెంట్లకు నప్పదు. చిన్న కరెంట్లకైతే నా ఓటు దీనికే.

ఇక గెయిన్, అంటే కరెంట్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో. ఒకదాని ఎమిటర్ రెండోదాని బేస్‌ని నడిపే డార్లింగ్టన్ జంట టిప్120 3 ఆంప్స్ దగ్గర కనీసం 1000 ఇస్తుంది. అయితే అదే కరెంట్‌లో డ్రాప్ 2 వోల్టుల దాకా ఉండొచ్చు. మొదటి ట్రాన్సిస్టర్ ఆఫ్ అయ్యాక రెండోదాని బేస్ ఛార్జ్‌కి బయటికి దారి ఉండదు, రెసిస్టర్ ఇస్తే తప్ప. వ్యతిరేక ధ్రువతల ఎన్‌పీఎన్, పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లు కలిపిన సిక్లాయి జంటకు ఇన్‌పుట్‌లో ఒక్క 0.6 వోల్టులు చాలు కానీ లోపలి ఫీడ్‌బ్యాక్ వల్ల ఆసిలేట్ అయ్యే గుణం ఉంది. వేగం కావాలంటే రెండూ వద్దంటాను.

వోల్టేజ్ గెయిన్‌ని షాట్కీ ఉన్న ముందు స్టేజ్‌కి అప్పగించి, చివర ఎన్‌పీఎన్, పీఎన్‌పీ ఎమిటర్ ఫాలోయర్ (ఎమిటర్ నుంచి అవుట్‌పుట్ తీసే స్టేజ్) పెట్టండి. డ్రైవ్ కూడా అదే సప్లై నుంచి వస్తే ఫాలోయర్ సాచురేట్ కాదు. బేస్‌లు కలిపే ఉంటాయి కాబట్టి రెండూ ఒకేసారి ఆన్ కావు. రెండు వైపులా సుమారు 0.7 వోల్టులు పోతాయి. 12 వోల్టులతో మాస్‌ఫెట్ గేటు నడపడానికి అది లెక్కలోకి రాదు. 3.3 వోల్టుల సప్లైలో మాత్రం భరించలేం. అక్కడ షాట్కీ పెట్టిన కామన్ ఎమిటర్ (కలెక్టర్ నుంచి అవుట్‌పుట్ తీసే) జంటకే వెళ్లాలి, రెండింటి డ్రైవ్‌ల మధ్య కాస్త డెడ్ టైమ్ (రెండూ ఆఫ్‌లో ఉండే వ్యవధి) వదిలి.