వెన్నుకు మత్తా, పూర్తి మత్తా? పెద్దవాళ్ళకి ఏది మేలు?

విశాఖలో మా అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. వయసు డెబ్భై ఎనిమిది. మత్తు డాక్టరుగారిని చూడగానే నేనన్న మొదటి మాట: "పూర్తి మత్తిస్తే మతి పోతుందటండీ, వెన్నుకే ఇవ్వండి." అలాగే ఇచ్చారు. అయినా రెండోరోజు రాత్రి అమ్మ సెలైన్ గొట్టం లాగేస్తూ, "పూర్ణా మార్కెట్టుకి పోవాలి, చేపలైపోతాయి, నన్ను వదలరా" అని ఒకటే గోల. నన్ను గుర్తుపట్టలేదు.

తర్వాత చదివితే తెలిసింది. 2021లో వెలువడిన రీగెయిన్ అధ్యయనంలో, అమెరికా, కెనడాల్లో తుంటి విరిగిన 1,600 మందికి రెండు పద్ధతులూ పోల్చి చూశారు. ఇలాంటి మతిభ్రమ (డాక్టర్లు డెలీరియం అంటారు) వెన్నుకు మత్తిచ్చిన వాళ్ళలో 20.5 శాతం, పూర్తి మత్తులో 19.7. అంటే మతి విషయంలో దాదాపు సమానమే. గుండె, ఊపిరితిత్తులు, రక్తం పలచబరిచే మందులు చూసుకుని ఏది ఇవ్వాలో డాక్టరు తేల్చుకుంటారు. ఆ బెంగ మనకక్కర్లేదు.

అసలు తేడా ఆపరేషన్ తర్వాతి రాత్రుల్లో ఉంది. కలవరిస్తుంటే "నిద్రమాత్ర వెయ్యండి" అంటాం. లోరాజెపామ్, డయాజెపామ్ లాంటివి పెద్దవాళ్ళలో ఆ అయోమయాన్నే పెంచవచ్చు. అలర్జీకి వాడే అవిల్ కూడా అంతే. (నిద్రమాత్రలు ఏళ్ళ తరబడి వేసుకుంటున్నవాళ్ళు మాత్రం హఠాత్తుగా మానకూడదు, ముందే డాక్టరుకి చెప్పాలి.) నొప్పిమందు వేరు. దాన్ని తగ్గించమని అడగొద్దు, ఓర్చుకున్న నొప్పి కూడా మతి తప్పిస్తుంది.

మాత్ర కంటే మనిషి మేలు. 1999లో అమెరికాలో జనరల్ వార్డుల్లోని డెబ్భై దాటిన 852 మందిని గమనించారు. మాట్లాడించడం, నడిపించడం, నీళ్ళు తాగించడం, రాత్రి నిద్ర చెడకుండా చూడడం, కళ్ళజోడు, చెవి మిషను అందించడం, సగం మందికి అదనంగా ఇంతే చేశారు. మామూలు చికిత్స పొందిన మిగతా సగంలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, వీళ్ళలో 9.9 శాతానికే వచ్చింది. ఆ 852 మందీ ఆపరేషన్ రోగులు కారు గానీ, సర్జరీ వార్డుల్లోనూ ఇప్పుడు ఇదే చెబుతున్నారు.

అమ్మ కళ్ళజోడు రెండు రోజులూ నా సంచిలోనే ఉంది, పగలకూడదని చేతిరుమాల్లో చుట్టి. మూడోరోజు పొద్దున్న తుడిచి పెట్టాను. కాసేపు నా మొహంలోకే చూసి, "ఏరా, గడ్డం గీసుకోలేదేం?" అంది.

వచ్చేనెల పెద్దమ్మకి మోకాలి ఆపరేషన్. మత్తు సంగతి ఈసారి అడగలేదు. రాత్రి పక్కన ఒకరిని ఉండనిస్తారా అని మాత్రం ముందే అడిగాను.