రెండు పళ్లకు రూట్ కెనాల్ అన్నారు, ఒక్కదానికే సరిపోయింది: తిరుపతిలో అమ్మకి చేయించిన క్లినిక్ గురించి

రూట్ కెనాల్ (పంటి లోపల పాడైన గుజ్జు తీసేసి, శుభ్రం చేసి నింపడం) నిజంగా అవసరమా, ఊరికే చెబుతున్నారా అని తేలక తిరుగుతున్నవాళ్లు ఉంటే ఈ క్లినిక్‌లో ఒకసారి చూపించుకోండి. లీలామహల్ సర్కిల్ నుంచి కరకంబాడి రోడ్డు పట్టుకుని కాస్త ముందుకు వెళితే మొదటి అంతస్తులో ఉంటుంది. చిన్నదే, పెద్ద హంగామా ఏమీ లేదు. ఇక్కడి డాక్టర్ గారు డ్రిల్ చేతికి తీసుకోకముందే ఏ పన్ను ఏ స్థితిలో ఉందో పరీక్ష చేసి, మాకు స్క్రీన్ మీద చూపించి, ఖర్చు చెప్పి, ఆ తర్వాతే మొదలుపెట్టారు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

మా అమ్మకి కింద ఎడమ వైపు దవడ పళ్లు రెండు పక్కపక్కనే పుచ్చిపోయాయి. వేడి సంగటి ముద్ద ఆ వైపు తగిలితే చాలు, చెంప పట్టుకుని కూర్చునేది, రాత్రి పడుకుంటే సలుపు ఇంకా ఎక్కువ. మొదట చిత్తూరులో ఒక చోట చూపించాం. ఎక్స్‌రే తీసి రెండింటికీ రూట్ కెనాల్, రెండింటికీ క్యాప్ అని చీటీ మీద మొత్తం రాసిచ్చారు. ఎందుకని అడిగితే పుచ్చు లోతుగా ఉందన్నారు, అంతకు మించి మాట లేదు. అమ్మేమో "రెండూ పెరికించేస్తే పీడా పోతుంది, ఇంత డబ్బు దేనికి" అని మొదలుపెట్టింది.

ఇక్కడికి వచ్చాక డాక్టర్ గారు ముందు షుగరు, బీపీ, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా అని అన్నీ అడిగారు. తర్వాత చిన్న దూది ఉండ మీద చల్లటి స్ప్రే కొట్టి, ముందు మంచి పన్నుకి ఆనించి, "ఇది మామూలు చలి అమ్మా, దీంతో పోల్చి చెప్పండి" అన్నారు. అప్పుడు పుచ్చిన పళ్లకి పెట్టారు. వెనక పన్ను జివ్వుమని లాగింది, దూది తీసిన రెండు మూడు సెకన్లలో తగ్గిపోయింది. ముందుది మాత్రం దూది తీశాక కూడా అలా సలుపుతూనే ఉంది, అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత పరికరం వెనక వైపుతో మెల్లగా తట్టి చూశారు, అక్కడా ఆ ఒక్క పన్నే నొప్పి.

అప్పుడు ఎక్స్‌రే చూపించి చెప్పారు. పన్నుకి పైన ఎనామెల్, దాని కింద డెంటిన్, నడుమ పల్ప్ ఉంటుంది, అంటే నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి గుజ్జు. దాని చుట్టూ అంతా గట్టి గోడలే, వాపు వస్తే ఉబ్బడానికి చోటుండదు, ఆ ఒత్తిడంతా నరం మీదే పడుతుంది. పడుకుంటే తల వైపు రక్తం ఎక్కువ చేరుతుంది కాబట్టి రాత్రిపూట సలుపు పెరుగుతుంది. చలి తీయగానే నొప్పి పోతోందంటే పల్ప్ ఇంకా కోలుకునే స్థితిలోనే ఉన్నట్టు. వేడికి నొప్పి వచ్చి చాలాసేపు నిలుస్తోంది, ఏమీ తగలకుండానే సలుపుతోంది అంటే ఇక అది కోలుకోదు. అలాంటి పన్నులో నొప్పి ఒకరోజు ఉన్నట్టుండి ఆగిపోతే తగ్గిందనుకోవద్దు, లోపల పల్ప్ చచ్చిపోయి ఉండొచ్చు, ఇన్‌ఫెక్షన్ వేరు చివరికి పాకి బుగ్గ వాచేదాకా వెళ్తుంది అన్నారు. ఈ మాట నాకు ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు.

అలా ముందున్న 36వ నంబరు పన్నుకి రూట్ కెనాల్, వెనకున్న 37కి ఫిల్లింగ్ మాత్రమే అని తేల్చారు. చీటీలో ఈ నంబర్లు చూసి కంగారు పడకండి, నోటిని నాలుగు భాగాలు చేస్తే కింద ఎడమది మూడోది, ముందు పన్ను నుంచి లెక్కపెడితే ఆరోది, అందుకే 36. 37లో పుచ్చు పల్ప్‌కి చాలా దగ్గరగా ఉందట. అంచులన్నీ శుభ్రం చేసి, అడుగున పల్ప్ బయటపడేంత లోతుకు గీకకుండా ఆపి, దాని మీద మందు పొర వేసి, పైన పంటి రంగు కాంపోజిట్ పెట్టి నీలం లైటుతో గట్టిపరిచారు. దీన్ని ఇండైరెక్ట్ పల్ప్ క్యాపింగ్ అంటారు. ఇది నిలవకపోతే అప్పుడు రూట్ కెనాల్ చేయాల్సి రావచ్చని ముందే చెప్పారు, నెలలు గడిచాయి, ఇప్పటిదాకా ఆ పన్ను ఏ ఇబ్బందీ పెట్టలేదు.

రూట్ కెనాల్ రోజు అమ్మకి బాగా టెన్షన్. ఇంజెక్షన్ ఇచ్చి, పెదవి, నాలుక సగం మొద్దుబారేదాకా ఆగి, మళ్లీ చలి పెట్టి ఏమీ తెలియడం లేదని చూసుకున్నాకే మొదలుపెట్టారు. పన్నుకి రబ్బర్ డ్యామ్ వేశారు, అంటే పల్చటి రబ్బరు షీటుకి చిల్లు పెట్టి ఆ ఒక్క పన్ను మాత్రం బయటికి కనిపించేలా క్లిప్పుతో బిగిస్తారు. లాలాజలం లోపలికి పోదు, సన్నటి సూదుల్లాంటి ఫైళ్లు గొంతులో పడవు, కడిగే హైపోక్లోరైట్ మందు నోట్లోకి కారదు. మీరు ఎక్కడ చేయించుకున్నా ఇది వేస్తారా అని అడగండి, అడగడానికి మొహమాటం వద్దు. అమ్మ మొదట ఊపిరాడదేమో అని బెదిరింది, "ముక్కుతో తీసుకోండమ్మా, ఇబ్బందైతే ఎడమ చెయ్యి ఎత్తండి, ఆపేస్తాను" అని ఆయన అన్నాక కుదురుకుంది.

ఆ పన్ను వేర్లలో పల్ప్ ఉండే సన్నటి కాలువలు మామూలుగా మూడు ఉంటాయి, అమ్మకి నాలుగోది కూడా దొరికింది. వయసు పెరిగేకొద్దీ లోపల డెంటిన్ పేరుకుని కాలువలు సన్నబడతాయి, వెతకడానికి టైమ్ పడుతుంది. ఆయన తొందరపడకుండా వెతికి, అపెక్స్ లొకేటర్‌తో, అంటే వేరు చివర ఎక్కడుందో చూపే పరికరంతో పొడవు కొలిచి, శుభ్రం చేసి, తర్వాతి సిట్టింగ్‌లో గట్టా పెర్చా అనే రబ్బరులాంటి పదార్థం నింపారు. యాంటీబయాటిక్ రాయలేదు, నొప్పి మాత్రలే ఇచ్చారు. అమ్మ బాధపడి అడిగితే, వాపు, జ్వరం ఏమీ లేవు, పల్ప్ నొప్పికి యాంటీబయాటిక్ పని చేయదు అని ఓపిగ్గా చెప్పారు.

తాత్కాలిక సిమెంట్‌తో వదిలేయకూడదు, గట్టిది నమిలితే పన్ను చీలుతుందని చెప్పి క్యాప్ కూడా ఆలస్యం చేయకుండా పెట్టారు. జిర్కోనియా (పంటి రంగులో ఉండే గట్టి సిరామిక్) తీసుకున్నాం, మెటల్ సిరామిక్ తక్కువలో వస్తుంది, కాకపోతే కాలం గడిచాక చిగురు దగ్గర నల్ల గీత కనిపించొచ్చు అన్నారు. బిగించే ముందు నీలం కాగితం కొరికించి, ఎత్తు తగిలిన చోట అరగదీశారు. అమ్మ "ఇంకా ఏదో తగుల్తోంది సార్" అంటే విసుక్కోకుండా మళ్లీ చూశారు. ఇప్పుడు వేయించిన శెనక్కాయలు కూడా ఆ వైపే నములుతోంది.

బిల్లు మాకు రూట్ కెనాల్‌కి 4,500, క్యాప్‌కి 8,000, ఫిల్లింగ్‌కి 1,500 అయింది, విడివిడిగా రాసిచ్చారు.

లోపాలు కూడా చెప్పాలి. లిఫ్ట్ లేదు, మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కష్టం. శనివారం సాయంత్రం అపాయింట్‌మెంట్ ఇచ్చినా చాలాసేపు కూర్చోబెడతారు. ఫోన్‌లో రేటు అడిగితే రిసెప్షన్ అమ్మాయి రూట్ కెనాల్ రేటు ఒక్కటే చెబుతుంది, క్యాప్ సంగతి మీరే గుర్తుపెట్టుకుని అడగాలి. ల్యాబ్ నుంచి క్యాప్ రావడం కూడా చెప్పిన రోజుకి రాలేదు, మనమే ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరడం మంచిది, చిత్తూరు నుంచో పుత్తూరు నుంచో వచ్చేవాళ్లయితే మరీను. ఉదయం మొదటి అపాయింట్‌మెంట్ అడిగి తీసుకోండి, అప్పుడు జనం తక్కువ, డాక్టర్ గారు నిదానంగా మాట్లాడతారు, పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మాత్రల చీటీ వెంట తీసుకెళ్లండి.